చంటిబిడ్డతో మొదటి సంక్రాంతి ఎలా చేసుకోవాలి

మా పాప 2024 జూలై చివర్లో పుట్టింది. 2025 జనవరి 13న భోగి వచ్చేసరికి ఐదున్నర నెలల పిల్ల. అమ్మావాళ్ళ ఇల్లు తిరుపతిలో, అత్తగారి ఊరు పలమనేరు అవతల ఒక పల్లె. రెండిళ్ళలోనూ ఆ తరానికి అదే మొదటి బిడ్డ. అందరికీ పాపను ఎత్తుకోవాలని ఆశ, అందరి దగ్గరా ఒక సలహా. ఆ నాలుగు రోజుల్లో తెలుసుకున్నవి, ముందే తెలిసి ఉంటే బాగుండేదే అనిపించినవి వరసగా రాస్తున్నాను. నేను పట్టుకున్న మాట ఒకటే. పాప పాలు, నిద్ర, వెచ్చదనం రోజూ ఎలా ఉంటాయో పండగలోనూ అలాగే ఉండాలి. పండగే పాప వేళలకు సర్దుకోవాలి. దానికోసం ఎవరితోనైనా నాలుగు మాటలు చెప్పాల్సి వస్తే వెనకాడకండి.

పది రోజుల ముందే: ఏ రోజు ఎక్కడో తేల్చుకోండి

భోగి ఒక ఇంట్లో, సంక్రాంతి ఒక ఇంట్లో, మళ్ళీ కనుమకు ఇంకో ఊరు అంటే చంటిబిడ్డకు కుదరదు. రెండే చోట్లు పెట్టుకోండి. మేం భోగి తిరుపతిలో, సంక్రాంతి పొద్దున బయలుదేరి ఆ రోజూ కనుమా పల్లెలో అనుకున్నాం. తిరుగు ప్రయాణం 16న. కనుమనాడు కాకి కూడా కదలదంటారు కదా, ఆ రోజు బయలుదేరతామంటే పెద్దవాళ్ళు ఒప్పుకోరు. ఒప్పుకోని మాట మీద పండగ పూట గొడవ ఎందుకు? మొదటినుంచే కనుమ మర్నాటికి ప్లాన్ చేసుకోండి.

ఈ లెక్క అత్తింటివాళ్ళకు మీరు కాకుండా మీ ఆయన ఫోన్ చేసి చెప్పాలి. "అమ్మా, పాపతో ఒక్కసారే ప్రయాణం. వచ్చాక రెండు రాత్రులుంటాం" అని కొడుకు చెబితే వినే తీరు వేరు. మా ఇంట్లో అలాగే జరిగింది. మా అత్తమ్మ ఒక్క నిమిషం ఆగి, "సరే నాయనా, బిడ్డ బాగుండాల గదా ముందు" అంది.

ఆ వారంలోనే పిల్లల డాక్టర్ దగ్గరికి ఒకసారి వెళ్ళి రండి. మూడు పనులున్నాయి. ఒకటి, పాప బరువు చూసి జ్వరం మందు ఎన్ని ఎంఎల్ ఇవ్వాలో చీటీ మీద రాయించుకోండి. ఆ లెక్క బరువును బట్టి ఉంటుంది, పక్కింటి బిడ్డకు వేసినంత మనం వేయకూడదు. రెండు, భోగి నుంచి కనుమ దాకా క్లినిక్ ఉంటుందా, లేకపోతే ఎక్కడికి వెళ్ళాలో అడగండి. తిరుపతిలోనైతే రుయా ప్రభుత్వ ఆసుపత్రి ఉంది. పలమనేరులో ఏరియా ఆసుపత్రి ఉంది. 108 ఎప్పుడైనా పలుకుతుంది. మూడు, టీకాలు. ఆరు, పది, పధ్నాలుగు వారాల టీకాల్లో ఏదైనా పండగ వారంలో పడితే ఏ రోజు వేయించాలో టీకాలు వేసే ఏఎన్ఎం నర్సును అడిగి తేల్చుకోండి. టీకా వేసిన రోజూ మర్నాడూ జ్వరం రావచ్చు. ఆ రెండు రోజులు బిడ్డను కారులో తిప్పకండి.

తిరుమల ఇప్పుడే వద్దు

తిరుపతిలో పండగకు వచ్చిన చుట్టం ఎవరైనా అడిగే మొదటి మాట, "బిడ్డను కొండకు తీసకపోయినారా?" అని. ఏడాది లోపు బిడ్డ ఉన్న తల్లిదండ్రులకు సుపథం అనే ప్రత్యేక దారిలో దర్శనం ఉంటుంది. బిడ్డ జనన ధ్రువపత్రం, తల్లిదండ్రుల ఆధార్ కార్డులు ఉండాలి. అయితే వైకుంఠ ద్వారం తెరిచి ఉంచే పది రోజులు ఈ సౌకర్యం ఆపేస్తారు. 2025లో వైకుంఠ ఏకాదశి జనవరి 10న వచ్చింది కాబట్టి భోగి, సంక్రాంతి, కనుమ మూడూ ఆ పది రోజుల్లోనే పడ్డాయి. రథసప్తమికీ మామూలుగా ఇదే పరిస్థితి. పైగా కొండ మీద ఎత్తు 850 మీటర్ల పైనే. కింద తిరుపతిలో స్వెట్టర్ అక్కర్లేని సాయంత్రం కూడా పైన మంచు పట్టి గాలి కోస్తుంది.

రథసప్తమి దాటాక, మామూలు వారం రోజున, టీటీడీ ప్రకటన చూసుకుని వెళ్ళండి. పాపకు ఏడాది నిండే దాకా టైముంది. పుట్టువెంట్రుకలు తీయించాలనుకున్నా చలి పోయాక కల్యాణకట్టకు తీసుకెళ్తే గుండుకు చలి గాలి తగలదు. మేం మార్చిలో వెళ్ళాం. స్వామి ముందు పాప కళ్ళు విప్పార్చుకుని చూసింది. చలిలో, తోపులాటలో తీసుకెళ్ళి ఉంటే ఆ చూపు నాకు దక్కేది కాదు.

సంచిలో ఏముండాలి

పలచటి నూలు బట్టలు ఎక్కువ, లావు స్వెట్టర్ ఒకటి. చెవులు మూసే టోపీ, సాక్సులు. పాత నూలు చీర చింపిన గుడ్డలు ఒక పదిహేను. థర్మామీటర్. డాక్టర్ చెప్పిన సెలైన్ చుక్కల మందు. టీకాల వివరాలు రాసే ఎంసీపీ కార్డు (తల్లీబిడ్డల కార్డు). పాపకు అలవాటైన దుప్పటి ఉతక్కుండానే పెట్టుకోండి. కొత్త చోట ఆ వాసనకే నిద్రపోతారు.

బట్టల లెక్క చాలా మందికి తెలియదు. మనం ఎన్ని పొరలు వేసుకున్నామో బిడ్డకు అంతకంటే ఒకటి ఎక్కువ, అంతే. చేతులు, కాళ్ళు చల్లగా ఉన్నాయని ఇంకో స్వెట్టర్ తొడగొద్దు. పసిపిల్లల చేతులు చల్లగానే ఉంటాయి. మెడ వెనక రెండు వేళ్ళు పెట్టి చూడండి. అక్కడ వెచ్చగా, పొడిగా ఉంటే సరిపోయినట్టు. చెమట తగిలితే ఒక పొర తీసేయండి. రాత్రి నిద్రలో టోపీ కూడా తీసేయాలి. ఒంట్లో ఎక్కువైన వేడి వాళ్ళకు తల ద్వారా కూడా బయటికి పోతుంది.

భోగి తెల్లవారుజాము: పలకలు, పొగ

మన చిత్తూరు వైపు భోగి అంటే పలకల చప్పుడు. పలక అంటే చిన్న డప్పు. నాలుగింటికే పిల్లలు వీధిలో మంట చుట్టూ చేరి పలకలు కొడతారు. చిన్నప్పుడు నేనూ నాన్నను సతాయించి పలక కొనిపించుకునేదాన్ని. ఆ ఇష్టం కొద్దీ పాపకు చూపించాలని నాలుగున్నరకే లేపి, శాలువా చుట్టి గుమ్మంలోకి తెచ్చాను. ఎదురింటి ముందు మంటలో ఎవరో పాత పరుపు ముక్క, ప్లాస్టిక్ కుర్చీ వేశారు. నల్లటి పొగ నేల మీద పాకుతూ మా గుమ్మం దాకా వచ్చింది. చలి పొద్దున గాలి కదలదు కాబట్టి పొగ పైకి పోదు. రెండు నిమిషాల్లో లోపలికి తెచ్చేశాను. అప్పటికే పాప దగ్గు మొదలెట్టింది. ఆ దగ్గు కనుమ దాటినా పోలేదు.

కాబట్టి ఇలా చేయండి. భోగి ముందురోజు రాత్రే వీధి వైపు కిటికీలన్నీ మూసి, తలుపు సందున తడిగుడ్డ పెట్టండి. పాపను ఇంటి వెనక వైపు గదిలో పడుకోబెట్టండి. పలకల చప్పుడు దగ్గరలో మరీ ఎక్కువైతే ఒళ్ళో పెట్టుకుని పాలివ్వండి, భయపడకుండా సర్దుకుంటారు. ఎండ బాగా వచ్చి పొగ తేలిపోయేదాకా, ఎనిమిది ఎనిమిదిన్నర దాకా, బయటికి తేవద్దు. మంట దగ్గర నిలబడి వచ్చినవాళ్ళు బట్టలు మార్చుకున్నాకే ఎత్తుకోవాలి. మీ ఇంటి మంట మీ చేతిలో ఉంటుంది కదా, అందులో కట్టెలు, పిడకలే వేయండి. చప్పుడు వినడానికీ మంట చూడటానికీ పాపకు ఇంకా చాలా భోగులున్నాయి.

సాయంత్రం: భోగిపండ్లు

ఇది మాత్రం తనివితీరా చేసుకోండి. కొంచెం మెలకువతో చేస్తే చాలు.

టైము ముందు. పేరంటాళ్ళు ఆరింటికి వస్తామంటే, పాప మధ్యాహ్నం నిద్ర నాలుగున్నర దాకా పోయేలా చూసుకోండి. లేచాక పాలు పట్టి, అరగంట తేన్పు వచ్చేదాకా భుజాన వేసుకుని, అప్పుడు కొత్త గౌను తొడగండి. జరీ గుచ్చుకుంటుంది కాబట్టి లోపల నూలు జుబ్బా ఉండాలి. పీట మీద మీరో, అమ్మమ్మో కూర్చుని ఒళ్ళో పెట్టుకోండి. ఒక్కదాన్ని కూర్చోబెట్టే వయసు ఇంకా కాదు.

రేగిపండ్లు, నానిన శనగలు, చెరకు ముక్కలు, చిల్లర. ఇవన్నీ బిడ్డ గొంతుకు సరిగ్గా అడ్డం పడే సైజులోనే ఉంటాయి. ఐదో నెల దాటిన బిడ్డ చేతికి చిక్కిందల్లా నోట్లో పెట్టుకుంటుంది. అందుకని మేం రెండు పళ్ళేలు పెట్టాం. ఒకదాంట్లో చేమంతి, బంతి రేకులు. తల మీద పోయడానికి అవే. రెండో దాంట్లో రేగిపండ్లు, శనగలు, చెరకు, చిల్లర. వాటిని తల చుట్టూ మూడుసార్లు తిప్పి, ఒళ్ళో పడకుండా వెనక్కి పోయమన్నాం. కింద పెద్ద దుప్పటి పరిచాం. రూపాయి బిళ్ళలు ముందే లెక్కపెట్టి 21 వేశాను. పేరంటం అయ్యాక దుప్పటి నాలుగు మూలలూ పట్టుకుని ఎత్తి, పక్కగదిలో విప్పి లెక్కపెడితే 20 ఉన్నాయి. ఇల్లంతా వెతికాం. ఆ ఒక్క బిళ్ళ పాప గౌను కుచ్చిళ్ళ మడతలో దొరికింది. లెక్కపెట్టకుండా ఉంటే పాపతో పాటు అది మంచం మీదికి పోయేది.

హారతి చేయి చాచినంత దూరంలోనే తిప్పమని చెప్పండి. కాటుక కళ్ళకు వద్దు. ఇంట్లో చేసిందైనా, కొన్నదైనా కళ్ళలో పెట్టకూడదని డాక్టర్లందరూ చెబుతారు. దిష్టిచుక్క అరికాలిలో పెట్టండి, అమ్మమ్మకూ తృప్తి. పేరంటం ముప్పావు గంట దాటనివ్వకండి. పాప ముఖం అటు తిప్పుకుంటూ కళ్ళు నలుపుకుంటుంటే అప్పటికే ఆలస్యమైనట్టు.

ముద్దుల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. జలుబున్నవాళ్ళు బుగ్గ మీద ముద్దుపెట్టుకుంటే బిడ్డకు అంటుతుంది. కొత్త కోడలు, కొత్త తల్లి నోటితో అత్తలకు, పిన్నమ్మలకు చేతులు కడుక్కోమని చెప్పడం కష్టమే. మా అమ్మ ఒక పని చేసింది. గుమ్మం దగ్గర చెంబుతో నీళ్ళు, సబ్బు, తుండుగుడ్డ పెట్టి, వచ్చినవాళ్ళను "కాళ్ళు, చేతులు కడుక్కోండి, పసుపు రాస్తాను" అని పిలిచింది. పేరంటం మర్యాదలో ఆ పని జరిగిపోయింది. ముద్దు పెట్టుకోవాలనుకున్నవాళ్ళకు పాదాలు చూపించింది.

ప్రయాణం

సంక్రాంతి పొద్దున మంచు విడిచాక, పదింటికి బయలుదేరాం. చంద్రగిరి, చిత్తూరు, బంగారుపాళ్యం దాటితే మొగిలి ఘాట్. అది ఎక్కగానే గాలి చల్లబడటం తెలుస్తుంది. ఘాట్ మొదలయ్యే ముందు బండి ఆపి పాలివ్వండి, మలుపుల్లో కాదు. ఎత్తు మారేటప్పుడు చెవులు పట్టేసి బిడ్డ ఏడిస్తే చన్ను నోట్లో పెట్టాలనిపిస్తుంది. అప్పుడూ బండి పక్కకు ఆపే ఇవ్వాలి. కదిలే కారులో బిడ్డ ముందు సీట్లో ఒళ్ళో ఉండకూడదు. వెనక సీట్లో, వెనక్కి తిరిగి ఉండే కార్ సీటులోనే ఉండాలి. బైక్ మీద చంటిబిడ్డను శాలువాలో చుట్టి తీసుకెళ్ళడం మన దగ్గర రోజూ కనిపిస్తుంది. దయచేసి ఆ పని చేయకండి, పక్క ఊరే అయినా సరే.

పల్లెలో: నీళ్ళు పోయడం, రాత్రి

పలమనేరు వైపు రాత్రులు తిరుపతి కంటే బాగా చలి. అక్కడ అవ్వలకు చంటిబిడ్డకు నీళ్ళు పోయడంలో నలభై ఏళ్ళ అనుభవం ఉంటుంది. మా ఆయన వాళ్ళ అవ్వ పీట మీద కూర్చుని కాళ్ళు చాపి, పాపను బోర్లా పడుకోబెట్టి వీపు మీద నూనె రాస్తుంటే, అంతసేపు ఏడవని మా పాపను అప్పుడే చూశాను. ఆ చేతులను వద్దనకండి. కొన్ని పనులను మాత్రం వద్దనాలి.

నూనె ఒంటికి రాయొచ్చు. ముక్కులో, చెవుల్లో, నోట్లో చుక్క వేయకూడదు. ముక్కులో వేసిన నూనె ఊపిరితిత్తుల్లోకి దిగితే నిమ్ము చేస్తుంది. నీళ్ళు మోచేత్తో చూడండి, గోరువెచ్చగా ఉండాలి. ముఖం మీద ధారగా పోయవద్దు. ఎండ గుమ్మంలోకి వచ్చాక, పదకొండు గంటల ప్రాంతంలో, తలుపు వేసి పోయించండి. వెంటనే తుడిచి, మడతల్లో తడి లేకుండా చూడండి. ఇక సాంబ్రాణి. జుట్టు ఆరడానికి పొగ వేస్తారు. అసలే దగ్గుతున్న పాప. "అవ్వా, పొగకు దగ్గొస్తా ఉంది, ఈసారికి ఎండలో ఆరబెడదాం" అన్నాను. అవ్వ నా ముఖం చూసి, పాపను ఎత్తుకుని, వాకిట్లో ఎండకు వీపు పెట్టి కూర్చుంది. వసకొమ్ము అరగదీసి నాలుక మీద రాయడం, తేనె నాకించడం కూడా వద్దని చెప్పాలి. ఏడాది నిండని బిడ్డకు తేనె ప్రమాదం.

రాత్రి పెద్దవాళ్ళ బొంత కింద, ఇద్దరి మధ్యలో పడుకోబెట్టకండి. బిడ్డకు విడిగా, గట్టి పరుపు మీద, వెల్లకిలా, తలగడ లేకుండా. దుప్పటి చంకల కిందికి. గది వెచ్చగా ఉండాలని నిప్పుల కుంపటి లోపల పెట్టి తలుపులు మూసుకోవడం కొన్ని ఇళ్ళలో చూశాను. అది బిడ్డకే కాదు, పెద్దవాళ్ళకూ ప్రాణాంతకం. వాసన లేని విషవాయువు గదిలో నిండుతుంది. చీర ఉయ్యాల పగలు, కళ్ళెదుట ఉన్నంతసేపే.

తిండి

ఆరు నెలలు నిండకపోతే తల్లిపాలు తప్ప ఏమీ వద్దు. మంచినీళ్ళు కూడా వద్దు. పొంగలి వేలితో నాకిద్దామని ఎవరైనా అంటే "ఇంకో పక్షం రోజులాగితే నువ్వే మొదటి ముద్ద పెడుదువు" అనండి. నేను మా అత్తమ్మకు అదే చెప్పాను. ఫిబ్రవరిలో తనే వచ్చి పెట్టింది.

ఆరు నెలలు దాటిన బిడ్డయితే పొంగలి వండేటప్పుడు బియ్యం, పెసరపప్పు బాగా ఉడికాక, బెల్లం వేయకముందే ఒక గరిటె తీసి పక్కన పెట్టండి. మెత్తగా నలిపి, చుక్క నెయ్యి కలిపితే అదే పాప పండగ భోజనం. ఉప్పు, బెల్లం అక్కర్లేదు. జీడిపప్పు ముక్క తగలకుండా చూడండి. అరిసెలు, నిప్పట్లు మీరు తినండి. పాలిచ్చే తల్లికి ఆకలి ఎక్కువ.

దగ్గు, జలుబు చేస్తే

కనుమ రాత్రి పాప దగ్గు ఎక్కువైంది. ఊళ్ళో అందరూ చిట్లకుప్ప (కనుమనాడు పశువుల కోసం వేసే మంట) దగ్గర ఉన్నారు. నాకు టెన్షన్‌తో చేతులు వణికాయి. అప్పుడు పనికొచ్చింది, పోయేముందు డాక్టర్ నేర్పిన లెక్క ఒక్కటే.

పాప ఏడవకుండా ఉన్నప్పుడు, నిద్రలో అయితే ఇంకా మంచిది, జుబ్బా పైకెత్తి పొట్ట కనిపించేలా పెట్టండి. ఫోన్‌లో నిమిషం పెట్టుకోండి. పొట్ట ఒకసారి లేచి పడితే ఒకటి. పూర్తి నిమిషం లెక్కపెట్టాలి. పావు నిమిషం లెక్కపెట్టి నాలుగుతో గుణిస్తే పసిపిల్లల విషయంలో తప్పు వస్తుంది. రెండు నెలల లోపు బిడ్డకు 60 అంతకంటే ఎక్కువ, రెండు నెలల నుంచి ఏడాది లోపు బిడ్డకు 50 అంతకంటే ఎక్కువ ఉంటే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్ళాలి. మా పాపకు మొదటిసారి 42, పది నిమిషాలాగి చూస్తే 40. ముక్కులో సెలైన్ చుక్కలు వేసి, తల కొంచెం ఎత్తుగా పెట్టుకుని పాలిచ్చాను. పడుకుంది.

లెక్క తక్కువే ఉన్నా ఇవి కనిపిస్తే ఆగొద్దు: డొక్కలు ఎగరేయడం, అంటే ఊపిరి పీల్చినప్పుడల్లా పక్కటెముకల కింద లోపలికి గుంట పడటం. పాలు పట్టకపోవడం. లేపితే లేవకుండా మగతగా ఉండటం. పెదాలు నీలంగా మారడం. ఫిట్స్. మూడు నెలల లోపు బిడ్డకు జ్వరం 100.4 డిగ్రీలు ఉందంటే వేరే ఏ లక్షణం లేకపోయినా వెంటనే తీసుకెళ్ళండి. దగ్గు మందు సీసాలు మాత్రం ఇంట్లో ఉన్నవి వేయకండి, షాపులో అడిగి తేవొద్దు.

కనుమ పూట మీరు

పశువుల సంబరం మిద్దె మీది నుంచి చూపించండి. చంద్రగిరి దగ్గర రంగంపేట పశువుల పండగలాంటి చోట్లకు, ఎద్దులు పరిగెత్తే వీధుల్లోకి చంటిబిడ్డతో వెళ్ళకండి. మా మామ ఒక లేగదూడను వాకిట్లోకి తెచ్చి నిలబెట్టాడు, పాప దాని చెవి పట్టుకుని వదల్లేదు. పాపకు కనుమ అంటే అంతే చాలు.

ఇక మీ సంగతి. రాత్రి నాలుగుసార్లు లేచి పాలిచ్చిన మనిషి పొద్దున ఇరవై మందికి వడ్డించలేదు. పాలివ్వడానికి గడియ పడే గది ఒకటి మీకంటూ ఉండాలి. మధ్యాహ్నం పాప పడుకున్నప్పుడు మీరూ పడుకోవాలి. ఇవి రెండూ మీ ఆయనతో ముందే మాట్లాడుకుని పెట్టండి. నేను చెప్పలేదు. చెప్పకుండానే అర్థం చేసుకుంటారని ఎదురుచూసి, సంక్రాంతి సాయంత్రం ఆ గదిలో ఒంటరిగా ఏడ్చాను. రాత్రి చెప్పాక కనుమనాడు మా ఆయన పాపను భుజాన వేసుకుని పొలం గట్టు దాకా తిప్పుకొచ్చాడు. ఆ రెండు గంటలూ నేను నిద్రపోయాను. మీరు మొదటి రోజే చెప్పండి.

ఇంటికొచ్చాక పొగ వాసన పట్టిన బట్టలన్నీ విడిగా ఉతికి ఎండలో వేయండి. దగ్గు వారం దాటితే డాక్టర్‌కు చూపించండి. మా పాపకు ఇంటికొచ్చిన మూడో రోజుకు తగ్గింది. ఎంసీపీ కార్డులో తర్వాతి తేదీ చూసుకోండి, తొమ్మిది నెలలు నిండగానే ఎంఆర్ (తట్టు, రుబెల్లా) టీకా ఉంటుంది. ఆ 21 బిళ్ళలూ కడిగి తుడిచి, భోగి తేదీ రాసిన చీటీతో చిన్న స్టీలు డబ్బాలో పెట్టి బీరువా పై అరలో దాచాను. 2026లో భోగి జనవరి 14న వచ్చింది. అవే బిళ్ళలు, అదే దుప్పటి, లెక్క మళ్ళీ 21.